అవతలివాళ్ల ల్యాప్‌టాప్‌లో నడిస్తేనే అది టెంప్లేట్

వెబ్ ప్రాజెక్టులకి స్టార్టర్ టెంప్లేట్, అంటే కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టడానికి కాపీ చేసుకునే రెడీమేడ్ ఫైళ్ల సెట్, ఎలా వేసుకోవాలో రాయమని మా శనివారం గ్రూపులో చాన్నాళ్లుగా అడుగుతున్నారు. నెట్‌లో దీని మీద పోస్టులకి కొదవేం లేదు, కాకపోతే అందులో ఎక్కువ భాగం "నేను వాడే టూల్స్ ఇవీ" అంటూ సాగే జాబితాలే. సొంత పనికైతే అది చాలు. కోడ్ అందరికీ తెరిచి ఉండే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకి చాలదు, ఎందుకంటే అక్కడ టెంప్లేట్‌తో కుస్తీ పట్టేది మనం కాదు, మన మొహం కూడా తెలియని ఇంకెవరో.

ఆ ఇంకెవరో ఎవరన్నది నాకు బాగానే తెలుసు. హైదరాబాద్ చుట్టూ, ఘట్‌కేసర్, ఇబ్రహీంపట్నం, మేడ్చల్ వైపు ఇంజినీరింగ్ కాలేజీల్లో చదివే థర్డ్ ఇయర్ పిల్లలు. చేతిలో ఎనిమిది జీబీ ర్యామ్ ఉన్న విండోస్ ల్యాప్‌టాప్, హాస్టల్ వైఫై పడిపోతే ఫోన్ హాట్‌స్పాట్. రాత్రి పదింటికి రిపో (ప్రాజెక్టు ఫైళ్లు, వాటి చరిత్ర ఉండే చోటు) క్లోన్ చేసుకుని, అంటే తమ మెషిన్‌లోకి కాపీ దించుకుని, కూర్చుంటారు. పడుకునేలోపు పేజీ స్క్రీన్ మీద కనబడి, ఒక చిన్న మార్పు చేసి, పుల్ రిక్వెస్ట్ (నా మార్పుని కలుపుకోండి అన్న విన్నపం) పంపగలిగారా, మళ్లీ వస్తారు. "అన్నా, రన్ అయితలేదు" అని గ్రూపులో మెసేజ్ పెట్టి, ఎవరూ పలక్కపోతే ల్యాప్‌టాప్ మూసేశారా, ఇక రారు. టెంప్లేట్‌లో ఏ ఫైల్ ఉండాలి, ఏది వద్దు అన్న ప్రతి నిర్ణయానికీ నేను ఈ ఒక్క కొలతే వాడతాను.

ఈ ఆలోచన ఇవాళ్టిది కాదు. 2010లో పాల్ ఐరిష్, దివ్య మణియన్ కలిసి హెచ్‌టీఎమ్‌ఎల్5 బాయిలర్‌ప్లేట్ అనే స్టార్టర్ విడుదల చేసినప్పుడు అందులో ప్రధానంగా ఉన్నవి ఒక హెచ్‌టీఎమ్‌ఎల్ పేజీ, కొంత సీఎస్‌ఎస్, ఒక 404 పేజీ, కాసిని సర్వర్ సెట్టింగులు. అక్కర్లేనివి డిలీట్ కొట్టుకోండి అన్నదే దాని పద్ధతి. ఇప్పటి స్టార్టర్లు చూడండి: లాగిన్, పేమెంట్, డేటాబేస్, ఈమెయిల్, డార్క్ మోడ్, రకరకాల టెస్టింగ్, అన్నీ ముందే బిగించి ఇస్తున్నారు. ఇరానీ హోటల్‌కి చాయ్ కోసం వెళ్తే ఫ్యామిలీ ప్యాక్ బిర్యానీ తెచ్చి ముందు పెట్టినట్టు. డిలీట్ చెయ్యాలంటే ఏది తీస్తే ఏది ఊడుతుందో కొత్తవాళ్లకి తెలియదు, కాబట్టి ఎవరూ ఏమీ తియ్యరు, అన్నీ అలాగే మోసుకు తిరుగుతారు.

కోడ్ వైపు నేను పెట్టేది చాలా తక్కువ. వీట్ అనే బిల్డ్ టూల్ ఇచ్చే ఖాళీ ప్రాజెక్టు, అందులో తిరిగే లోగో, కౌంటర్ బటన్ లాంటి డెమో సరుకంతా తీసేసి ఒకే ఒక్క పేజీ. టైప్‌స్క్రిప్ట్ (టైపులు కూడా రాసే జావాస్క్రిప్ట్), కోడ్‌లో తప్పులు పట్టే ఈఎస్‌లింట్, కోడ్ రూపుని సరిదిద్దే ప్రెట్టియర్. అంతే. కోచింగ్ నోట్సు చదివి వచ్చినవాళ్లు ఇంకా క్రియేట్ రియాక్ట్ యాప్ (రియాక్ట్ లైబ్రరీతో ప్రాజెక్టు మొదలుపెట్టే పాత టూల్) అడుగుతుంటారు. 2016లో వచ్చిన ఆ టూల్‌ని కొత్త యాప్‌లకి వాడొద్దని 2025 ఫిబ్రవరిలో రియాక్ట్ టీమే ప్రకటించింది, దాని గురించి ఇక చర్చ అనవసరం. అసలు కథ కోడ్ బయట ఉన్న ఫైళ్లలో ఉంది.

ముందు, రిపోలు పెట్టుకునే సైట్ గిట్‌హబ్ సంగతి. 2019 నుంచి ఏ రిపోనైనా సెట్టింగ్స్‌లో ఒక టిక్కుతో టెంప్లేట్‌గా మార్చుకోవచ్చు, అప్పుడు పైన ఆకుపచ్చ రంగులో "యూజ్ దిస్ టెంప్లేట్" బటన్ వస్తుంది. ఫోర్క్ చేస్తే, అంటే రిపోని మన ఖాతాలోకి కాపీ చేసుకుంటే, పాత కమిట్ల (భద్రపరిచిన మార్పుల) చరిత్రంతా వెంట వస్తుంది, టెంప్లేట్ నుంచి చేస్తే ఒక్క కమిట్‌తో శుభ్రంగా మొదలవుతుంది. చాలామంది గమనించని విషయం ఏంటంటే, ఫైల్ రూపంలో ఉన్నదే కొత్త రిపోలోకి వస్తుంది, సెట్టింగ్ రూపంలో ఉన్నది రాదు. మెయిన్ బ్రాంచ్‌లోకి (ప్రాజెక్టు అసలు ప్రతిలోకి) ఎవరూ నేరుగా మార్పులు పుష్ చెయ్యకుండా మీరు పెట్టుకున్న కట్టుబాటు రాదు, సీక్రెట్స్ (దాచిపెట్టిన కీలు) రావు, ఇష్యూలు (నమోదు చేసిన సమస్యలు) రావు. అందుకే ప్రాజెక్టుని పరిచయం చేసే రీడ్‌మీ ఫైల్‌లో కాకుండా విడిగా "రిపో తెరిచాక చెయ్యాల్సినవి" అని ఒక ఫైల్ పెట్టాను, ఆ పనులన్నీ అయ్యాక ఆ ఫైల్‌ని తీసేయమని అందులోనే చివరి లైన్.

ఇప్పుడు లైసెన్స్. దీని దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే మన దగ్గర అందరూ దాటేసి వెళ్లిపోయేది ఇదే. "పబ్లిక్‌గా పెట్టిన కదన్నా, ఇంక లైసెన్స్ ఎందుకు?" అంటారు. పబ్లిక్‌గా పెడితే కనబడుతుంది, వాడుకునే హక్కు రాదు. లైసెన్స్ లేని కోడ్ మామూలు కాపీరైట్ కిందే ఉంటుంది. గిట్‌హబ్ నిబంధనల ప్రకారం ఇతరులు దాన్ని చూడొచ్చు, అక్కడే ఫోర్క్ చేసుకోవచ్చు, అంతకు మించి ఏం చెయ్యాలన్నా మీ అనుమతి కావాలి. మన దేశంలో 1957 కాపీరైట్ చట్టం కింద కంప్యూటర్ ప్రోగ్రామ్ సాహిత్య రచనతో సమానం, రిజిస్ట్రేషన్ చేయించినా చేయించకపోయినా హక్కు పుడుతుంది. అదే చట్టంలో 17వ సెక్షన్ ఇంకో మాట చెప్తుంది: ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు యజమానే. మాదాపూర్, గచ్చిబౌలి కంపెనీల్లో పనిచేస్తూ రాత్రిళ్లు ఓపెన్ సోర్స్ చేసేవాళ్లు ఆఫర్ లెటర్‌తో పాటు సంతకం పెట్టిన కాగితాలు ఒకసారి తీసి చదవండి. ఆఫీస్ ల్యాప్‌టాప్ మీద రాసింది, ఆఫీస్ టైమ్‌లో రాసింది ఎవరిదన్నది అందులో ఉంటుంది. కొన్ని ఒప్పందాలు ఇంకా దూరం వెళ్తాయి. కంపెనీతో ముందే మాట్లాడుకుని ఒక మెయిల్ రాయించుకుంటే తర్వాత టెన్షన్ ఉండదు.

ఏ లైసెన్స్ అంటే, ప్రాజెక్టుని బట్టి. ఎవరైనా ఏమైనా చేసుకోండి, నా పేరు మాత్రం ఉంచండి అంటే ఎమ్‌ఐటీ. పేటెంట్ల విషయం కూడా స్పష్టంగా ఉండాలంటే అపాచీ 2.0. నా కోడ్ మార్చి పంచేవాళ్లు వాళ్ల కోడ్ కూడా తెరిచి పెట్టాలి అంటే జీపీఎల్, సర్వర్ మీద నడుపుతూ పంచకుండా తప్పించుకునేవాళ్లకి కూడా అది వర్తించాలంటే ఏజీపీఎల్. కానీ టెంప్లేట్‌కి వచ్చేసరికి ఒక మెలిక ఉంది. మన లైసెన్స్ ఫైల్ యథాతథంగా కొత్త రిపోలోకి కాపీ అవుతుంది, దాంతో ఎవరో రాసుకున్న ప్రాజెక్టు మీద కాపీరైట్ నా పేరు మీద కనబడుతుంది. అలాగని ఎమ్‌ఐటీ ఉన్న టెంప్లేట్ నుంచి నా పేరు తీసేస్తే లైసెన్స్ షరతు తప్పినట్టు. దీనికి చక్కటి విరుగుడు ఎమ్‌ఐటీ జీరో అనే రకం: అదే ఎమ్‌ఐటీ, పేరు ఉంచాలన్న షరతు మాత్రం ఉండదు, ఓపెన్ సోర్స్ ఇనిషియేటివ్ ఆమోదించినదే. టెంప్లేట్‌కి అది పెట్టాను. దాన్నుంచి ప్రాజెక్టు మొదలుపెట్టేవాళ్లు వాళ్లకి నచ్చినది పెట్టుకుంటారు.

పెట్టుకుంటారా అంటే, గుర్తుచెయ్యకపోతే పెట్టుకోరు. సంవత్సరం, పేరు రాయాల్సిన చోట చదరపు బ్రాకెట్లు అలాగే మిగిలిపోయిన లైసెన్స్ ఫైళ్లు గిట్‌హబ్ నిండా ఉన్నాయి. ఇంతకన్నా ఘోరం ప్రవర్తనా నియమావళిది. 2014లో మొదలైన కంట్రిబ్యూటర్ కవెనెంట్ చాలా ప్రాజెక్టులు వాడే నియమావళి. ఎవరైనా వేధిస్తే ఫిర్యాదు ఎవరికి చెయ్యాలో రాయాల్సిన చోట ఒక ఖాళీ ఉంటుంది, దాన్ని నింపకుండానే రిపోలో పడేస్తారు. ఫిర్యాదు చేసే చోటు లేని నియమావళి ఉండి ఏం లాభం? అందుకని టెంప్లేట్‌లో ఒక చిన్న సెటప్ స్క్రిప్ట్ రాశాను: ప్రాజెక్టు పేరు, హక్కుదారు పేరు, ఫిర్యాదుల మెయిల్ అడుగుతుంది, అన్ని ఫైళ్లలోనూ మార్చేస్తుంది. స్క్రిప్ట్ నడపకుండా వదిలేసేవాళ్లు ఎలాగూ ఉంటారు కాబట్టి, ఖాళీ గుర్తు ఏ ఫైల్‌లో మిగిలినా సీఐ (పంపిన ప్రతి మార్పునీ తనంతట తానే పరీక్షించే ఏర్పాటు) ఎర్రబడేలా ఒక చెక్ కూడా పెట్టాను. టెంప్లేట్ రిపోలో మాత్రం ఆ చెక్ నడవకూడదు, లేకపోతే అది ఎప్పుడూ ఎర్రగానే ఉంటుంది. రిపో పేరు చూసి దాటేసేలా ఒక షరతు రాస్తే సరిపోయింది.

ఇక విండోస్. నెట్‌లో దొరికే టెంప్లేట్లు రాసేవాళ్లలో చాలామంది మ్యాక్ మీద రాస్తారు, వాడే మన పిల్లలు విండోస్ మీద ఉంటారు. స్వేచ్ఛ లాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంస్థలు కాలేజీల్లో గ్లగ్‌లు (లినక్స్ వాడేవాళ్ల బృందాలు) నడపడం వల్ల కొందరికి లినక్స్ అలవాటే, కానీ గ్రూపుకి కొత్తగా వచ్చేవాళ్లలో ఎక్కువమంది విండోసే. వాళ్లకి తగిలే మొదటి దెబ్బ కోడ్‌లో ఉండదు.

మొదట పవర్‌షెల్, విండోస్‌లో కమాండ్లు కొట్టే చోటు. వీఎస్ కోడ్ ఎడిటర్‌లో టెర్మినల్ తెరిచి, ప్యాకేజీలు తెచ్చే ఎన్‌పీఎమ్ ఇన్‌స్టాల్ కమాండ్ కొడితే ఎర్ర అక్షరాల్లో "ఈ సిస్టమ్‌లో స్క్రిప్టులు నడపడం డిజేబుల్ అయి ఉంది" అన్న అర్థంలో ఒక పేరాగ్రాఫ్ వస్తుంది. నోడ్ (జావాస్క్రిప్ట్‌ని బ్రౌజర్ బయట నడిపేది) సరిగ్గానే ఉంది, ఎన్‌పీఎమ్ సరిగ్గానే ఉంది, పవర్‌షెల్ తన భద్రతా నియమం వల్ల ఆపింది. కమాండ్ ప్రాంప్ట్‌లోనో గిట్ బాష్‌లోనో అదే కమాండ్ కొడితే నడుస్తుంది. ఈ ఒక్క లైన్ రీడ్‌మీలో ఉంటే ఎంతమంది రాత్రి నిద్ర మిగులుతుందో.

తర్వాత వన్‌డ్రైవ్, ఫైళ్లని నెట్‌లోకి ఎక్కించి ఉంచే మైక్రోసాఫ్ట్ సర్వీస్. కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి డెస్క్‌టాప్ ఫోల్డర్ వన్‌డ్రైవ్ లోపలే ఉంటుంది, చాలామందికి ఆ సంగతే తెలియదు. అక్కడ క్లోన్ చేసి ఇన్‌స్టాల్ కొడితే ప్యాకేజీలుండే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్‌లోని వేలకొద్దీ చిన్న ఫైళ్లని అది ఒక్కొక్కటిగా పైకి ఎక్కించడం మొదలుపెడుతుంది. హాట్‌స్పాట్ డేటా హారతి, మధ్యలో పర్మిషన్ ఎర్రర్లు. రీడ్‌మీలో రెండో లైన్: డెస్క్‌టాప్ మీద వద్దు, సీ డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ చేసుకుని అందులో క్లోన్ చెయ్యండి.

అన్నిటికన్నా ఎక్కువ ఏడిపించేది లైన్ ముగింపు. ఒక అమ్మాయి తన మొదటి పుల్ రిక్వెస్ట్ పంపి వెంటనే మెసేజ్ పెట్టింది: "అన్నా, నేను ఒక్క లైనే మార్చిన, డిఫ్‌ల ఫైల్ మొత్తం ఎర్రగ పచ్చగ అయింది, నేనేమన్న చెడగొట్టిన్నా?" (డిఫ్ అంటే పాత, కొత్త ఫైళ్ల తేడా చూపేది.) ఆమె ఏం చెడగొట్టలేదు. విండోస్‌లో ప్రతి లైన్ చివర కంటికి కనబడని రెండు అక్షరాలుంటాయి, లినక్స్, మ్యాక్‌లలో ఒకటే. మార్పుల చరిత్ర ఉంచే గిట్‌ని విండోస్‌లో మామూలుగా ఇన్‌స్టాల్ చేస్తే, ఫైళ్లు కిందకి దించేటప్పుడు రెండక్షరాల పద్ధతికి, కమిట్ చేసేటప్పుడు ఒక అక్షరం పద్ధతికి తనే మారుస్తుంది. అక్కడిదాకా బాగానే ఉంది. కానీ ప్రెట్టియర్ 2020లో వచ్చిన 2.0 నుంచి డిఫాల్ట్‌గా ఒక అక్షరమే ఉండాలంటుంది. దాంతో ఆమె ఫైల్ తెరవగానే ప్రతి లైన్ కిందా ఎర్ర గీత, మౌస్ పెడితే "డిలీట్" అన్న మాట, పక్కన అర్థం కాని ఒక చిన్న గుర్తు. నెట్‌లో వెతికితే ఎవరో గిట్‌లో ఆ మార్పిడిని ఆఫ్ చెయ్యమన్నారు, ఆఫ్ చేసింది. ఇక తన ఫైల్ రెండక్షరాల ముగింపులతోనే కమిట్ అయింది, ప్రతి లైనూ మారినట్టే లెక్క.

దీనికి మందు ఒకే ఒక్క లైన్. గిట్ ఆట్రిబ్యూట్స్ అనే ఫైల్‌లో, అన్ని టెక్స్ట్ ఫైళ్లకీ ముగింపు ఎల్‌ఎఫ్ (ఆ ఒక్క అక్షరం పద్ధతి) అని రాసిపెడితే, ఎవరి మెషిన్‌లో ఏ సెట్టింగ్ ఉన్నా దాన్ని కాదని రిపో మాటే చెల్లుతుంది. ఎవరికీ ఏ సలహా చెప్పక్కర్లేదు. ఇప్పటికే నడుస్తున్న పాత రిపో అయితే ఆ ఫైల్ పెట్టాక గిట్ యాడ్‌ని రీనార్మలైజ్ ఆప్షన్‌తో ఒకసారి నడిపి, ఆ మార్పుని విడి కమిట్‌గా చెయ్యండి. ఎడిటర్‌కి కూడా అదే చెప్పే ఎడిటర్‌కాన్ఫిగ్ ఫైల్ ఉంచాను, కాకపోతే వీఎస్ కోడ్ దాన్ని ఎక్స్‌టెన్షన్ లేకుండా చదవదు, కాబట్టి సూచించే ఎక్స్‌టెన్షన్ల ఫైల్‌లో దాన్నీ చేర్చాలి.

ఇదే కోవలో ఇంకోటి, ఫైల్ పేర్లలో పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు. విండోస్‌కి రెండూ ఒకటే. సీఐ నడిచేది లినక్స్ మీద, దానికి వేర్వేరు. హెడర్ కాంపొనెంట్ ఫైల్ పేరు పెద్ద అక్షరంతో ఉండి, ఇంపోర్ట్‌లో చిన్న అక్షరంతో రాస్తే విండోస్‌లో పేజీ భేషుగ్గా వస్తుంది, సీఐలో ఫైలే లేదంటుంది. పోనీ పేరు మారుద్దామంటే విండోస్‌లో గిట్ ఆ మార్పునే గుర్తించదు, గిట్ ఎమ్‌వీ కమాండ్ వాడాలి. ఈ గొడవంతా ఎందుకని ఫైల్ పేర్లన్నీ చిన్న అక్షరాల్లో, మధ్యలో హైఫెన్‌తో ఉండాలని రూల్ పెట్టేశాను. రియాక్ట్ ప్రపంచంలో ఇది అలవాటు కాదని కొందరు గొణిగారు. గొణగనీ.

స్క్రిప్టుల్లో కూడా అంతే. ఫోల్డర్ తీసేయడానికి ఆర్‌ఎమ్ కమాండ్, ముందు వేరియబుల్ పెట్టి కమాండ్ నడిపే పద్ధతి, ఇవి విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో నడవవు. అలాంటి పనులకి నాలుగు లైన్ల నోడ్ స్క్రిప్ట్ రాస్తే ఎక్కడైనా నడుస్తుంది, ఇంకో ప్యాకేజీ కూడా అక్కర్లేదు.

నోడ్ వెర్షన్ విషయం త్వరగా చెప్పేస్తాను. ఎన్‌వీఎమ్ఆర్‌సీ ఫైల్‌లో వెర్షన్ రాయండి, ప్రాజెక్టు వివరాలుండే ప్యాకేజ్ జేసన్ ఫైల్‌లో ఇంజిన్స్ దగ్గర కూడా రాయండి. ఒట్టిగా రాస్తే ఎన్‌పీఎమ్ హెచ్చరిక మాత్రమే ఇచ్చి ముందుకు పోతుంది, ఆగాలంటే ఎన్‌పీఎమ్ సెట్టింగులుండే ఎన్‌పీఎమ్ఆర్‌సీలో ఇంజిన్ స్ట్రిక్ట్ ఆన్ చెయ్యాలి. 2025 ఏప్రిల్‌లో సపోర్ట్ ముగిసిన నోడ్ 18 ఇంకా చాలా కాలేజీ ల్యాబుల్లోని మెషిన్లలో కూర్చుని ఉంది. వెర్షన్లు మార్చుకోవడానికి విండోస్‌లో ఎఫ్‌ఎన్‌ఎమ్ అనే టూల్ సుఖం, ఎన్‌వీఎమ్ఆర్‌సీ ఫైల్‌ని అదే చదువుకుంటుంది.

డిపెండెన్సీలు, అంటే మన కోడ్ ఆధారపడే బయటి ప్యాకేజీలు, ఎన్ని తక్కువైతే అంత మంచిది, ఇందులో నేను కొంచెం పీనాసినే. 2016 మార్చిలో లెఫ్ట్ ప్యాడ్ అనే పదకొండు లైన్ల ప్యాకేజీని దాని రచయిత ఎన్‌పీఎమ్ నుంచి తీసేస్తే ప్రపంచమంతా బిల్డులు కూలాయి. 2025 సెప్టెంబర్‌లో చాక్, డీబగ్ లాంటి, దాదాపు ప్రతి ప్రాజెక్టులో ఏదో ఒక మూల ఉండే ప్యాకేజీల్లోకి, వాటి మెయింటైనర్‌ని ఫిషింగ్ మెయిల్‌తో బుట్టలో వేసి, దొంగ కోడ్ ఎక్కించారు. కాబట్టి లాక్ ఫైల్ (ప్యాకేజీల కచ్చితమైన వెర్షన్ల జాబితా) కమిట్ చెయ్యాలి, సీఐలో ఇన్‌స్టాల్ బదులు ఎన్‌పీఎమ్ సీఐ అనే కమాండ్ వాడాలి, అది లాక్ ఫైల్‌లో ఉన్నదాన్నే తెస్తుంది, తేడా ఉంటే ఆగిపోతుంది. ప్యాకేజీల అప్‌డేట్లు పంపే డిపెండబాట్‌ని నెలకోసారి, అప్‌డేట్లన్నీ కలిపి ఒకే పుల్ రిక్వెస్ట్‌గా పంపేలా పెట్టాను. వారానికోసారి విడివిడిగా పెడితే పుల్ రిక్వెస్టుల పేజీ నిండా బాట్ పంపినవే ఉంటాయి. కొత్తగా వచ్చినవాళ్లకి ఇక్కడ మనుషులు లేరేమో అనిపిస్తుంది.

కీల గురించి. కొత్తవాళ్ల దగ్గర ఏ ఏపీఐ కీ (బయటి సర్వీసు వాడుకోవడానికి ఇచ్చే కోడ్) లేకపోయినా పేజీ రావాలి, ఇది నా దగ్గర కచ్చితమైన రూల్. కీ లేకపోతే రిపోలో ఉన్న నమూనా డేటాతో నడవాలి. మ్యాప్ కీ కోసం క్రెడిట్ కార్డ్ అడిగే సైట్లో రిజిస్టర్ చేసుకోమంటే థర్డ్ ఇయర్ స్టూడెంట్ ఎక్కడి నుంచి తెస్తుంది? కీలు ఉంచే ఎన్వ్ ఫైల్‌కి నమూనాగా పెట్టిన ఎన్వ్ ఎగ్జాంపుల్ ఫైల్‌లో పేర్లు మాత్రం రాసి, విలువలు ఖాళీగా ఉంచుతాను. ఇక్కడ ఒక సంగతి గమనించండి: వీట్ ఇచ్చే గిట్‌ఇగ్నోర్‌లో (గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితాలో) లోకల్ అని ముగిసే ఫైళ్లే ఉంటాయి, మామూలు ఎన్వ్ ఫైల్ ఉండదు. మీరే చేర్చాలి. ఇంకా ముఖ్యమైనది, వీట్ అన్న మాటతో పేరు మొదలయ్యే ప్రతి వేరియబుల్ బ్రౌజర్‌కి వెళ్లే కోడ్‌లో కలిసిపోతుంది, ఎవరు చూడాలన్నా చూడొచ్చు. ఎన్వ్ ఫైల్‌లో దాచాను కదా, రహస్యమే అనుకుంటే ఎలా? రహస్యం అయితే అది సర్వర్ దాటకూడదు. పొరపాటున కీ కమిట్ అయితే, తర్వాతి కమిట్‌లో తీసేస్తే సరిపోదు, చరిత్రలో అలాగే ఉంటుంది. కీని రద్దు చేసి కొత్తది తీసుకోవడమే. 2024 నుంచి గిట్‌హబ్ పబ్లిక్ రిపోలకి తెలిసిన రకం కీలు పుష్ అవుతుంటే ఆపుతోంది, కానీ దాని మీద భరోసా పెట్టుకోకండి, అన్ని రకాల కీలూ దానికి తెలియవు.

సీఐకి ఒకే ఫైల్: ఇన్‌స్టాల్, లింట్, టెస్ట్, బిల్డ్. పబ్లిక్ రిపోలకి సీఐ నడిపే గిట్‌హబ్ యాక్షన్స్‌లో మామూలు రన్నర్లు (ఆ పని నడిచే మెషిన్లు) ఉచితం. ఆ ఫైల్‌లో సీఐకి ఇచ్చే పర్మిషన్ చదవడానికి మాత్రమే. బయటివాళ్ల యాక్షన్లు వాడితే వెర్షన్ పేరుతో కాకుండా పూర్తి కమిట్ హ్యాష్‌తో (ఆ కమిట్ గుర్తింపు కోడ్‌తో) కట్టేయండి, 2025 మార్చిలో బాగా వాడుకలో ఉన్న ఒక యాక్షన్ వెర్షన్ ట్యాగులనే దొంగ కోడ్ వైపు తిప్పేశారు. ఇంకో మాట, మొదటిసారి పంపేవాళ్ల పుల్ రిక్వెస్ట్ మీద సీఐ మన అనుమతి లేకుండా నడవదు. వాళ్లకి కనబడేది ఎటూ తేలని ఒక పెండింగ్ మెసేజ్ మాత్రమే, ఏదో తేడా చేశామేమో అనుకుని పుల్ రిక్వెస్ట్ మూసేసుకున్నవాళ్లని చూశాను. మార్పులు పంపేవాళ్లకి సూచనలుండే కంట్రిబ్యూటింగ్ ఫైల్‌లో "ఇది మామూలే, మేం చూసి ఓకే చేస్తాం" అని రాయండి.

ఆ కంట్రిబ్యూటింగ్ ఫైల్‌ని నేను తెలుగులో కూడా పెట్టాను. ఇంగ్లిష్ రాదని కాదు. ఇష్యూ తెలుగులో రాయొచ్చు, వచ్చీరాని ప్రశ్న అయినా అడగొచ్చు అని తెలిస్తే జంకు పోతుంది. కమిట్ మెసేజ్ మాత్రం ఇంగ్లిష్‌లోనే అడుగుతాను, రేపు బయటివాళ్లు కూడా చదవాలి కదా. పుల్ రిక్వెస్ట్ టెంప్లేట్‌లో ఉన్న ప్రశ్నలు రెండే: ఏం మార్చారు, మీ మెషిన్‌లో నడిపి చూసిన స్క్రీన్‌షాట్ ఏది. పదిహేను చెక్‌బాక్సులు పెడితే చదవకుండా అన్నిటికీ టిక్కు పెట్టేస్తారు. 2020 అక్టోబర్‌లో పుల్ రిక్వెస్టులు పంపినవాళ్లకి బహుమతిచ్చే హాక్టోబర్‌ఫెస్ట్ కార్యక్రమం టీషర్ట్ కోసం రీడ్‌మీలో ఒక మాట అటూ ఇటూ మార్చి పంపిన పుల్ రిక్వెస్టుల వరదకి మెయింటైనర్లు తలలు పట్టుకుంటే, మధ్యలోనే నిబంధన మార్చి, ఒప్పుకున్న రిపోలే లెక్కలోకి వస్తాయని చెప్పాల్సి వచ్చింది. అప్పట్లో మన దేశం పేరు కూడా బాగానే నలిగింది. స్క్రీన్‌షాట్ అడగడం ఒక్కటే ఆ రకం సరుకుని చాలావరకు ఆపుతుంది.

ఇప్పుడు నాకు ఇష్టమైన భాగం, తెలుగు. మనం ఇక్కడ చేసే ప్రాజెక్టులు ఎప్పుడో ఒకప్పుడు తెలుగులో కనబడాల్సిందే, తర్వాత చేర్చుదాంలే అంటే ఆ తర్వాత ఎప్పటికీ రాదు. టెంప్లేట్ పేజీలోనే, పేజీ ఏ భాషో చెప్పే లాంగ్ ఆట్రిబ్యూట్ తెలుగుకి పెట్టి, మాటలన్నీ విడి జేసన్ ఫైల్‌లోకి తీశాను. ఫాంట్ కోసం మండలి, మల్లన్న, రామభద్ర లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కిందే ఉన్నాయి, రిపోలో పెట్టుకోవచ్చు, కాకపోతే ఫాంట్ లైసెన్స్ ఫైల్ పక్కనే ఉండాలి. లైన్ ఎత్తు ఇంగ్లిష్‌కి సరిపోయేది పెడితే కింది వత్తులు, పై గుడులు ఒకదానికొకటి తగులుతాయి, 1.7 దగ్గర మొదలుపెట్టండి. అక్షరాల మధ్య ఖాళీ పెంచే సీఎస్‌ఎస్ తెలుగుకి అస్సలు వద్దు.

అక్షరాల లెక్క దగ్గర ఇంకా మజా ఉంటుంది. "స్త్రీ" మన కంటికి ఒక్క అక్షరం. జావాస్క్రిప్ట్‌ని పొడవు అడిగితే హల్లులు, పొల్లులు, గుడి విడివిడిగా లెక్కేసి ఆరు అంటుంది. అక్షరాలు నిల్వ చేసే యూటీఎఫ్ 8 పద్ధతిలో పద్దెనిమిది బైట్లు. పేరు గడికి ఇరవై అక్షరాల పరిమితి పెట్టిన ఫారంలో "జ్యోత్స్న" అన్న పేరొక్కటే తొమ్మిది తినేస్తుంది, ఇక ఇంటిపేరు సగంలో తెగుతుంది. మాటని కంటికి కనబడే అక్షరాలుగా విడదీసే ఇంటల్ సెగ్మెంటర్ 2024 నుంచి ప్రధాన బ్రౌజర్లన్నిటిలో ఉంది, దాంతో లెక్కపెట్టాలి, అయితే 2023లో వచ్చిన యూనికోడ్ (అక్షరాల కోడ్‌ల ప్రమాణం) 15.1కి ముందు నియమాలతో నడిచే బ్రౌజర్ "స్త్రీ"ని మూడు ముక్కలంటుంది, కొత్తది ఒకటంటుంది. కాబట్టి పరిమితి పెట్టక తప్పకపోతే ధారాళంగా పెట్టండి.

వెతుకులాట దగ్గర ఇంకో గొడవ. "సాఫ్ట్‌వేర్" అన్న మాటలో "ట్" తర్వాత అక్షరాలని కలవనివ్వని, కంటికి కనబడని ఒక గుర్తు ఉంటుంది. ఒక కీబోర్డ్‌తో కొడితే అది పడుతుంది, ఇంకో కీబోర్డ్‌తో పడదు, పడకపోతే "సాఫ్ట్వేర్" అని వత్తుతో వస్తుంది. యూజర్ ఒక రకంగా కొట్టి, డేటా ఇంకో రకంగా ఉంటే ఫలితాలు సున్నా. ఐత్వం గుర్తుని కూడా ఒకే కోడ్‌గానూ, రెండు కోడ్‌ల జోడీగానూ రాయొచ్చు, చూడ్డానికి తేడా ఉండదు. ఈ రెంటికీ కలిపి టెంప్లేట్‌లో చిన్న ఫంక్షన్ పెట్టాను: ఎన్‌ఎఫ్‌సీకి (అలాంటి జోడీలని ఒకే కోడ్‌గా కలిపే యూనికోడ్ రూపానికి) మార్చు, ఆ కనబడని గుర్తు తీసేయ్, అప్పుడు పోల్చు. నిల్వ చేసేటప్పుడు మాత్రం గుర్తు తీయొద్దు, పోల్చేటప్పుడే. టెస్టుల్లో నమూనా పేర్లుగా జాన్, జేన్ బదులు జ్యోత్స్న, కృష్ణమూర్తి ఉంచాను, తెలుగుతో ఏదైనా పగిలేదుంటే మొదటి రోజే పగులుతుంది. అంకెలకి తెలుగు లొకేల్ (భాష, ప్రాంతం సెట్టింగ్) ఇస్తే కామాలు లక్షల పద్ధతిలోనే పడతాయి, విడిగా ఏం రాయక్కర్లేదు.

వదిలేసినవి చాలానే ఉన్నాయి. కమిట్ చేసే ముందు లింట్ నడిపే హస్కీ లాంటివి పెట్టలేదు, నెమ్మది మెషిన్‌లో కమిట్ కొట్టిన ప్రతిసారీ ఆగాలి, అదెందుకు ఆగిందో కొత్తవాళ్లకి అర్థం కాదు, ఎలాగూ సీఐ చూస్తుంది. ప్రోగ్రాముల్ని విడి పెట్టెల్లో నడిపే డాకర్ లేదు, ఎనిమిది జీబీ ర్యామ్‌లో బ్రౌజర్, ఎడిటర్, డాకర్ మూడూ కలిసి బతకలేవు. టెయిల్‌విండ్ అనే సీఎస్‌ఎస్ టూల్ మీద గ్రూపులో పెద్ద వాదనే నడిచింది, ప్రాజెక్టు మొదలుపెట్టేవాళ్లే తేల్చుకుంటారని బయట పెట్టాం.

టెంప్లేట్లన్నిటికీ ఉన్న ఇబ్బంది ఒకటి మిగిలిపోయింది. కాపీ అయ్యాక కొత్త రిపోకి, పాత టెంప్లేట్‌కి సంబంధం తెగిపోతుంది, ఇక్కడ సరిచేసింది అక్కడికి దానంతటదే వెళ్లదు. కాన్ఫిగ్ అంతా ఒక ప్యాకేజీగా చేసి అన్ని ప్రాజెక్టుల్లో వాడదామని ఒకరన్నారు, అప్పుడు లింట్ రూల్ ఎక్కడుందో వెతుక్కోవడానికి కొత్తవాళ్లు ఇంకో రిపో తెరవాలి, అందుకే వద్దన్నాను. బదులుగా టెంప్లేట్‌లో ప్రతి మార్పుని ఒక చిన్న, విడి కమిట్‌గా చేసి, ఎందుకు చేశామో ఛేంజ్‌లాగ్‌లో రెండు లైన్లు రాస్తున్నాం, కావాల్సినవాళ్లు ఆ మార్పు వరకే తీసుకుంటారు. నోడ్ సరిసంఖ్య వెర్షన్లు ఇప్పటిదాకా అక్టోబర్‌లోనే ఎల్‌టీఎస్ (దీర్ఘకాలం సపోర్ట్ ఉండే వెర్షన్లు) అవుతూ వచ్చాయి. ఆ నెలలో వచ్చే శనివారం ఒకటి దీనికే కేటాయించి, టెంప్లేట్‌తో పాటు దాన్నుంచి పుట్టిన ప్రాజెక్టులన్నిటిలో వెర్షన్ ఫైళ్లు, యాక్షన్ల హ్యాష్‌లు మార్చి, ఎవరిదైనా మామూలు విండోస్ ల్యాప్‌టాప్ తీసుకుని హాట్‌స్పాట్ మీద మొదటి నుంచి క్లోన్ చేసి చూస్తాం.